కోడికి ఆపరేషనా అని అందరూ నవ్వుతున్నారు, చేయించాలా వద్దా?

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలు విజయవాడ నుంచి పెద్ద ఉత్తరం పంపారు. ప్రైవేటు స్కూల్లో టీచరు, సాయంత్రం ఇంటి దగ్గర ట్యూషన్లు, ఇంట్లో భర్త, అత్తగారు, తొమ్మిదేళ్ల పాప. మూడున్నరేళ్ల క్రితం స్కూలు గేటు దగ్గర సైకిల్ మీద రంగు కోడిపిల్లలు అమ్ముతుంటే గులాబీ రంగుది కావాలని పాప ఏడిస్తే కొన్నారట, రెండ్రోజుల్లో పోతుందిలే అనుకుంటే అది బతికింది, రంగు పోయి తెల్లటి పెట్ట అయ్యింది, పాప దానికి సీతాలు అని పేరు పెట్టింది. తోడుగా ఇంకో రెండు నాటుపెట్టల్ని తెచ్చారు కానీ అవి డాబా మీదే ఉంటాయి, సీతాలు మాత్రం మెట్లు దిగి వంటింట్లోకి వచ్చేస్తుంది, ట్యూషన్ పిల్లల మధ్యలో కూచుంటుంది, పాప కంచం చప్పుడైతే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తుంది.

సంక్రాంతి దాటాక తోలుగుడ్లు పెట్టడం మొదలెట్టింది, తర్వాత గుడ్లే ఆగిపోయాయి, ఒకరోజు పొద్దున గూట్లో గుడ్డు బదులు పసుపు రంగులో రబ్బరు ముద్దలాంటిది పడి ఉంది, కోసి చూస్తే లోపల పొరలు పొరలుగా ఉందట. ఆ తర్వాత పొట్ట దిగజారింది, నిటారుగా పెంగ్విన్‌లా నిలబడుతోంది, మెట్లెక్కితే నోరు తెరిచి ఆయాసపడుతోంది, కంచం చప్పుడికి ఇప్పటికీ వస్తుంది కానీ నాలుగు మెతుకులు తిని పక్కకి తిరుగుతోంది. దగ్గర్లో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టర్ "కోడికి ఆపరేషనేంటమ్మా, కోసుకోక" అన్నారట. హైదరాబాద్‌లో పక్షుల్ని చూసే ఒక క్లినిక్‌కి వెళ్తే ఎక్స్‌రే, స్కానింగ్ తీసి, గుడ్డు గొట్టం అంతా గట్టి సరుకుతో నిండిపోయింది, కడుపులో కొంచెం నీరు కూడా ఉంది అని ఆ నీరు తీసి, వారం పాటు యాంటీబయాటిక్, నొప్పి మందు ఇచ్చారు. నాలుగు రోజులు బావుంది, మళ్లీ మొదలు. ఇప్పుడు ఆ డాక్టర్ గారు చెప్పింది ఏంటంటే ఆపరేషన్ చేసి ఆ గొట్టం తీసేయొచ్చు, 22 వేలు అవుతుంది, బల్ల మీదే పోయే అవకాశం కూడా గట్టిగానే ఉంది, లేదంటే మందులతో నెట్టుకురావాలి, అదీ కాదంటే బాధ లేకుండా ఇంజెక్షన్ ఇచ్చి పంపించేయాలి.

ఇంట్లో సంగతి వేరు. భర్త "ఈ డబ్బుతో ఎన్ని కోళ్లొస్తాయో తెలుసా, ఆఫీసులో తెలిస్తే నవ్వుతారు" అంటున్నారు. అత్తగారికి కంట్లో శుక్లం, ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది, "మనుషులకి లేదుగానీ కోడికి చేయించండి" అని ఒక్క మాట అని ఊరుకున్నారట. డబ్బు ఈవిడ ట్యూషన్ డబ్బే, ఎవర్నీ అడగక్కర్లేదు. "ఆదివారం మా ఇంట్లో చికెన్ వండుతాం, అలాంటిది ఒక కోడి కోసం ఏడుస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది, చేయించకపోతే దాన్ని చంపుకున్నట్టు, చేయిస్తే నేనే తీసుకెళ్లి చంపించినట్టు, ఏం చెయ్యమంటారు" అని రాశారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న, మిగతా రెండు పెట్టల గుడ్లు తినొచ్చా అని.

అమ్మా, నేను పశువైద్యుణ్ణే, గవర్నమెంటు సర్వీసులో చాలా ఏళ్లు చేశా, అయినా మీ సీతాల్ని నేను చూడలేదు, ఆ ఎక్స్‌రే నా చేతిలో లేదు. కాబట్టి ఇదంతా మీరు మీ డాక్టర్ గారితో కూచుని మాట్లాడుకోడానికి పనికొస్తుందని రాస్తున్నా.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అనిపించింది ఏంటంటే ఇందులో రెండు గొడవలు కలిసిపోయాయి. ఒకటి సీతాలు కడుపులోది. రెండోది మీ ఇంట్లోది, అంటే ఒక కోడికి ఇంత చెయ్యొచ్చా, నేను పిచ్చిదాన్నా, నా మాటకి ఈ ఇంట్లో విలువుందా అనేది. ఈ రెండోది గెలవడానికి ఆపరేషన్ చేయించకండి, అందులో ఓడిపోయారని మానేయకండి కూడా. ముందు కడుపు సంగతి చూద్దాం, ఇల్లు తర్వాత.

కోడికి అండాశయం, గుడ్డు గొట్టం ఎడమవైపు ఒక్కటే పనిచేస్తాయి, కుడివైపువి గుడ్డులో పిల్లగా ఉన్నప్పుడే ఎదగడం మానేస్తాయి. పచ్చసొన అండాశయం నుంచి ఊడి గొట్టంలోకి జారి, దారిలో తెల్లసొన, ఆపైన పొరలు పట్టించుకుని, చివర్లో పెంకు పోసే సంచిలో 20 గంటల దాకా ఉండి, మొత్తం 25 గంటలకి అటూఇటూగా బయటకొస్తుంది. ఒక్కో పెంకుకి సుమారు 2 గ్రాముల కాల్షియం ఆ కోడి ఒంట్లోంచే పోవాలి. అడవికోడి ఏడాదికి ఓ పదో పదిహేనో గుడ్లు పెట్టి పొదుక్కుంటుంది. గుడ్ల కోసమే పెంచే లేయర్ జాతి అయితే ఏడాదికి 300 పైనే. ఆ గొట్టానికి సెలవనేదే లేదు.

మీ సీతాలు లేయర్ జాతిదే అని నేను దాదాపు ఖాయంగా చెప్పగలను, తెల్లరంగు, సైకిల్ మీద అమ్మిన పిల్ల. లేయర్ హేచరీల్లో గుడ్డులోంచి పిల్ల బయటికి రాగానే పెట్టల్ని, పుంజుల్ని వేరు చేస్తారు, పుంజు పిల్లలు వాళ్లకి దండగ, గుడ్లు పెట్టవు, మాంసానికి తొందరగా ఎదగవు, ఆ పుంజు పిల్లలకే రంగులేసి వీధుల్లో అమ్ముతారు. వేరు చేసేవాళ్ల చేతిలో పొరపాటున తప్పిపోయిన పెట్ట ఒకటి మీ పాపకి దొరికిందన్నమాట. అది ఫారంకి వెళ్లుంటే ఏడాదిన్నర దాటి కొన్నాళ్లకి గుడ్లు తగ్గాయని లారీ ఎక్కించేసేవాళ్లు. అంటే ఈ జాతి కోడికి మూడున్నరేళ్ల వయసులో ఏ జబ్బులొస్తాయో చూసే అవకాశమే మా వాళ్లలో చాలామందికి రాదు, ఎందుకంటే అంతదాకా ఎవరూ ఉంచరు. మీకు ఆ ఆసుపత్రిలో తగిలిన మాట నొప్పి పుట్టించేదే, కాదనను. కానీ మా చదువులో కోళ్ల వైద్యం అంటే మంద వైద్యం. షెడ్డులో ఐదు వేల కోళ్లుంటే జబ్బు చేసిన ఒకదాన్ని కోసి చూసి మిగతావాటిని కాపాడమని నేర్పారు మాకు. ఒక్క కోడిని ఒక్క పేషెంట్‌గా చూడ్డం ఇప్పుడిప్పుడే మొదలైంది.

ఇక ఆ రబ్బరు ముద్ద. గొట్టానికి ఇన్ఫెక్షన్ తగిలి వాచినప్పుడు, ఎక్కువసార్లు ఈకోలై అనే బాక్టీరియాతో, లోపల చీము, సొన, ఊడిన పొరలు కలిసి అలా ముద్దలు కడతాయి, సాల్పింజైటిస్ అంటారు. ఇక్కడ ఒక్క విషయం బాగా పట్టుకోండి. పక్షుల్లో చీము మనలా కారదు, మన చీముని నీళ్లలా చేసే పదార్థం వాటి తెల్లకణాల్లో ఉండదు, అందుకని అది జున్నులా గట్టిపడి అక్కడే కూచుంటుంది. సూదితో లాగడానికి రాదు, యాంటీబయాటిక్ దాని లోపలికి సరిగ్గా వెళ్లదు. నాలుగు రోజులు బావుండి మళ్లీ మొదటికొచ్చిందంటే కారణం ఇదే, మీరు మందు టైముకి వెయ్యకపోవడం వల్లేమో అని రాశారు, కాదమ్మా, టైముకి వేసినా అంతే.

ఇప్పుడు ఆపరేషన్ అంటే ఏంటో ఉన్నదున్నట్టు చెప్తా. పొట్ట తెరిచి ఆ గొట్టాన్ని రక్తనాళాలు కట్టేసి మొత్తం తీసేస్తారు, పేరు సాల్పింగోహిస్టరెక్టమీ. అండాశయాన్ని మామూలుగా తియ్యరు, అది వెన్నెముక కింద పెద్ద రక్తనాళాలకి అతుక్కుని ఉంటుంది, లాగితే రక్తం ఆగదు. కిలోన్నర కోడికి ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి ఓ టీ గ్లాసుడు, అందులో ఎంత పోతే తట్టుకుంటుందో మీరే ఊహించుకోండి. పైగా పక్షికి మనలా ఊపిరితిత్తుల కింద అడ్డపొర ఉండదు, కడుపంతా గాలి సంచులే, నీరు నిండిన కడుపుతో వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడదు, కోసినప్పుడు గాలి సంచి తెగితే మత్తు గ్యాస్ బయటికి పోతుంది, నీరు అటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. దాని ఒంటి వేడి 41 డిగ్రీలు, ఈకలు పీకి తడిపి బల్ల మీద పెడితే ఆ వేడి నిమిషాల్లో పడిపోతుంది. డాక్టర్ గారు బల్ల మీదే పోవచ్చు అన్నది మిమ్మల్ని భయపెట్టడానికి అన్నమాట కాదు.

బయటపడితే? బయటపడి, మొదటి రెండు మూడు రోజులు తిండి తింటే, అక్కణ్ణుంచి చాలా కోళ్లు బాగానే కోలుకుంటాయి, ఆ చీము ముద్ద పోవడంతోటే ప్రాణం తేలికపడుతుంది. కానీ అండాశయం లోపలే ఉంది కదా, అది పచ్చసొన వదలడం మానదు, జారడానికి గొట్టం లేదు కాబట్టి కడుపులోకే పడుతుంది. చాలావరకు ఒళ్లే పీల్చేసుకుంటుంది, కొన్నింట్లో మళ్లీ వాపు, నీరు వస్తాయి. అందుకని ఆపరేషన్ తర్వాత గుడ్లు రాకుండా హార్మోన్ ఆపాలి, దానికి డెస్లోరెలిన్ అని చర్మం కింద పెట్టే బియ్యపుగింజంత ఇంప్లాంట్ ఉంది, 4.7 మిల్లీగ్రాములది కోళ్లలో ఓ ఆరు నెలలు అటూఇటూగా పనిచేస్తుంది, తర్వాత మళ్లీ పెట్టాలి. ఇది మన దగ్గర ప్రతి క్లినిక్‌లో దొరికే సరుకు కాదు, మీ డాక్టర్ గారు తెప్పించగలరా, ఖరీదెంత అనేది ఆపరేషన్‌కి ఒప్పుకోకముందే అడగండి. దొరక్కపోతే మనుషులకి వాడే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ కొందరు వాడతారు, దాని ప్రభావం కోడిలో కొన్ని వారాలే. 22 వేలు అన్నారు చూశారా, అందులో ఇవి ఉన్నాయా లేదా తేల్చుకోండి, అక్కడితో ఆగే ఖర్చు అయితే కాదు.

ఇంకోటి మీ డాక్టర్ గారు చెప్పారో లేదో. గుడ్లు పెట్టే కోళ్లలో వయసు మీద పడ్డాక అండాశయం క్యాన్సర్ చాలా ఎక్కువ, ఎంత ఎక్కువంటే ఆడవాళ్ల అండాశయ క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లు కోడినే చూసి నేర్చుకుంటున్నారు. కడుపులో నీరుంది అన్నారు కాబట్టి ఇది కూడా మనసులో పెట్టుకోవాలి, స్కానింగ్‌లో అన్నిసార్లూ తెలీదు, కొన్నిసార్లు తెరిచాకే కనపడుతుంది. ఆ నీరు తీసినప్పుడు ల్యాబ్‌కి పంపారా అని అడగండి, పంపకపోతే ఈసారి తీసినప్పుడు పంపమనండి.

ఆపరేషన్ వద్దనుకుంటే ఏం జరుగుతుందో కూడా ఇంతే నిజాయితీగా చెప్పాలి. నీరు పేరుకున్నప్పుడల్లా తీయించడం, నొప్పి మందు మానకుండా వెయ్యడం, అవసరాన్ని బట్టి యాంటీబయాటిక్, హార్మోన్ ఆపే మందు దొరికితే అది. ఆ మందు కొత్త సొన రాకుండా ఆపుతుంది గానీ లోపల గట్టిపడిందాన్ని కరిగించదు. ఇలా కొన్ని కోళ్లు వారాలు, కొన్ని నెలలు నెట్టుకొస్తాయి, అందులో మంచి రోజులూ ఉంటాయి. నయమవుతుందని మాత్రం అనుకోకండి. ఈ దారి ఎంచుకుంటే ఎక్కడ ఆపాలో ఇప్పుడే అనుకోవాలి, లేకపోతే రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అని దాని బాధ సాగదీస్తాం. పక్షులు జబ్బుని దాచుకుంటాయి, కోడి ఈకలు ఉబ్బించుకుని మూల కూచుందంటే అప్పటికే చాలా దూరం వెళ్లిపోయినట్టు.

అందుకని ఓ వారం పాటు రోజూ పొద్దున ఒక నోట్‌బుక్‌లో రాయండి. తానుగా మేత దగ్గరికి వచ్చిందా, ఎంత తింది, మట్టిలో పొర్లిందా, రాత్రి దండె మీదికి ఎక్కిందా కింద కూచుందా, తురాయి ఎర్రగా ఉందా పాలిపోయిందా ఊదారంగు తిరిగిందా. బరువు చూడండి కానీ బరువునొక్కదాన్నే నమ్మకండి, కడుపులో నీరు చేరుతుంటే బరువు పెరుగుతున్నట్టే కనపడుతుంది, లోపల కండ కరిగిపోతూ ఉంటుంది. చెయ్యి పెట్టి ఛాతీ మధ్య ఎముక తడమండి, పక్కన కండ నిండుగా తగిలితే పర్లేదు, ఎముక అంచు వేళ్లకి పదునుగా గుచ్చుకుంటే కోడి ఎండిపోతోందని అర్థం. మీ నాటుపెట్టని పట్టుకుని కూడా ఇలాగే తడిమి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

నా మొగ్గు ఎటు అని మీరు ఎలాగూ అడుగుతారు. ఇంకా కంచం చప్పుడికి వస్తోంది, ఛాతీ కండ ఉంది, తురాయి పూర్తిగా తెల్లబడలేదు, నీరు కొంచెమే అంటే నేను ఆపరేషన్ వైపే మొగ్గుతా, అదీ ఈ రెండు మూడు వారాల్లోపే, ఇంకా చిక్కిపోయాక కాదు. అయితే ఒక షరతు, చేసే మనిషిని బట్టి. ఆయన్ని మొహమాటపడకుండా అడగండి, కోళ్లకి ఈ ఆపరేషన్ ఇంతకుముందు చేశారా, ఎన్ని బతికాయి, ఐసోఫ్లురేన్ గ్యాస్ మత్తు ఉందా, గొంతులోకి వేసే గొట్టం పక్షులకి వేసే రకమేనా (దానికి గాలి ఉబ్బు ఉండకూడదు, పక్షి శ్వాసనాళం చుట్టూ పూర్తి ఉంగరాలుంటాయి, ఉబ్బితే లోపల ఒరుసుకుపోతుంది), ఒంటి వేడి పడిపోకుండా ఏం చేస్తారు, రాత్రికి ఎవరు చూస్తారు. మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకి చిరాకుపడరు. "ఏం కాదమ్మా, మేం చూసుకుంటాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఇంకో చోట అడగండి. మీకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల పక్కనే ఉంది, రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, చెన్నై వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉంది. పక్షులకి గ్యాస్ మత్తు ఇచ్చి కడుపు ఆపరేషన్ చేసేవాళ్లు ఇప్పుడున్నారా అని ముందు ఫోన్ చేసి కనుక్కుని, ఆ తర్వాతే బయల్దేరండి, ఎందుకంటే ప్రయాణమే దానికి సగం పరీక్ష. ఎండలు ముదురుతున్నాయి, తెల్లవారుజామునే కారులో, గాలాడే బుట్టలో తువ్వాలు పరిచి, నీళ్లు దగ్గరుంచి తీసుకెళ్లండి, ఒళ్లో పట్టుకుని వెల్లకిలా తిప్పకండి.

అదే తిండి మానేసింది, ఎముక గుచ్చుకుంటోంది, తురాయి ఊదాగా మారింది, నీరు తీసిన రెండ్రోజులకే మళ్లీ నిండుతోంది అంటే నేను ఆపరేషన్ అడగను. అప్పుడు ప్రశాంతంగా మత్తు ఎక్కువిచ్చి పంపించడం దాన్ని వదిలించుకోవడం అవ్వదు. ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటే, మధ్యలోనే ఉంటుందని నా అనుమానం, ముందు నాలుగైదు రోజులు దాన్ని కూడదీయమనండి, నీరు తీసి, సెలైన్, నొప్పి మందు, చేత్తో మేత. తేరుకుంటే ఆపరేషన్‌కి మంచి అవకాశం, తేరుకోకపోతే అదే మీకు జవాబు.

మీరు అడగలేదు కానీ చెప్పాలి, ఆపరేషన్‌కి సంతకం పెట్టేముందు ఇంకో నిర్ణయం కూడా డాక్టర్‌కి చెప్పి ఉంచాలి. తెరిచి చూస్తే గడ్డలు కడుపంతా పాకి ఉన్నాయనుకోండి, మళ్లీ కుట్టి మత్తు దింపమంటారా, ఆ మత్తులోనే పోనివ్వమంటారా? ఆ టైములో ఫోన్ చేసి అడిగితే మీ నోట్లోంచి మాట రాదు. ముందే మీ ఇద్దరూ అనుకోండి. నన్నడిగితే ఆ పరిస్థితిలో లేపకపోవడమే దాని మీద దయ. ఆపరేషన్ అయ్యాక కూడా, నాలుగో రోజుకి నోట్లో పెట్టినా మింగకపోతే ఎంతదాకా లాగాలి అనేది కూడా.

ఇక ఇంటి సంగతి. మీవారు నవ్వుతారు అంటున్నారు, నవ్వుతారు, నిజమే, నాలుగు రోజులు నవ్వుతారు. మీరు కోడి ధరకి, ఆపరేషన్ ఖర్చుకి లెక్క కట్టి ఆయనతో వాదించకండి, ఆ లెక్కలో ఎప్పుడూ మీరే ఓడతారు. మీ పాపకి ఈ కోడి అంటే ఏంటో ఆయనకీ తెలుసు. మొత్తం ఖర్చు ఇంత, ఇంతకి మించి పెట్టను అని ఒక గీత గీసి ఆయనకి చెప్పండి, 22 వేలు అనుకుని మొదలెట్టి 50 దాకా పోతే మీకూ ఇబ్బందే, డబ్బు మీదైనా సరే.

అత్తగారి మాట వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మీరు రాసిన దాంట్లోనే ఒక వాక్యం ఉంది, రాసి మీరే మర్చిపోయినట్టున్నారు. రాత్రిళ్లు సీతాలుకి వెనకాల ఆముదం రాసి, వేడి గుడ్డతో కాపడం పెట్టింది ఆవిడే. చూపు మసగ్గా ఉన్న మనిషి, ఊళ్లో జీవితమంతా కోళ్లని పెంచి కోసిన మనిషి, మీకంటే ముందు దాని వెనక ఈకలు తడిగా ఉన్నాయని కనిపెట్టింది. (ఆముదం ఇక ఆపమనండి, గుడ్డు అడ్డం పడితే చేసే వైద్యం అది, ఇక్కడ అడ్డం పడింది గుడ్డు కాదు.) ఆవిడకి కోడి మీద కోపం లేదు. తన కన్ను రెండుసార్లు వాయిదా పడింది, కోడికి మాత్రం హైదరాబాద్ కారు కట్టారు, అదీ ఆవిడ బాధ, అందులో న్యాయం ఉంది. శుక్లం ఆపరేషన్ ఎందుకు వాయిదా పడిందో మీరు రాయలేదు, డబ్బా, తీసుకెళ్లే తీరికా, ఆవిడ భయమా? డబ్బైతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు, ఎల్వీ ప్రసాద్ వాళ్లది మీ విజయవాడలోనే ఉంది, ఇవ్వలేనివాళ్లకి అక్కడా ఉచితమే. తీరికైతే కోడి కోసం సెలవు పెట్టేముందు ఆవిడ కోసం పెట్టండి. సీతాలు నిర్ణయం ఏదైనా కానీ, ఆవిడ కంటికి తేదీ ఈ వారమే తీసుకుని, ఆ కాగితం ఆవిడ చేతికిచ్చి, తర్వాత కోడి సంగతి మాట్లాడండి. అలా చేస్తే మాట పడదు అని గ్యారంటీ ఇవ్వలేను, మీకు మాత్రం లోపల కెలకడం ఆగుతుంది.

ఆదివారం చికెన్ గురించి సిగ్గు అన్నారు. నాకు తెలిసి కోళ్లని పేరు పెట్టి పిలిచి పెంచుకునే ఇళ్లలో సగం మంది చికెన్ తింటారు, అందరూ ఈ ముడి విప్పుకున్నాకే కోడిని పెంచుకోవాలంటే ఎవ్వరూ పెంచలేరు. తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా ఆలోచించుకోండి, దాని కోసం సీతాలు వైద్యం ఆపక్కర్లేదు.

పాపకి నిజం చెప్పండి. ఆపరేషన్‌కి వెళ్తే తిరిగి రాకపోవచ్చు అని వెళ్లేముందే చెప్పండి, దానికి నచ్చింది ఒకటి తినిపించనివ్వండి (డాక్టర్ తినిపించొద్దన్న టైము చూసుకుని, అలాగని మీ అంతట మీరు రాత్రంతా పస్తు పెట్టకండి, జబ్బు పక్షి తట్టుకోదు). కానీ "నువ్వే చెప్పు నాన్నా, చేయిద్దామా వద్దా" అని మాత్రం తొమ్మిదేళ్ల పిల్లని అడగొద్దు. ఆ బరువు మీరే మొయ్యాలి.

చేయిస్తే ఇంటికొచ్చాక కనీసం పది పద్నాలుగు రోజులు మిగతా రెండు పెట్టల్నుంచి వేరుగా పెట్టండి. ఎర్రగా పుండు కనపడితే కోళ్లు పొడుస్తాయి, స్నేహాలు చూడవు. పూర్తిగా కనపడకుండా దాచేస్తే తిరిగి కలిపినప్పుడు కొత్తదనుకుని కొట్టుకుంటాయి, అందుకని మధ్యలో జాలీ పెట్టి ఒకదానికొకటి కనపడేలా ఉంచండి. మట్టి స్నానం కుట్లు ఆరేదాకా వద్దు. చేయించినా చేయించకపోయినా ఇవాళ్టి నుంచే చీకటి పడకముందే గూట్లో పెట్టి పొద్దెక్కాక వదలండి, వెలుతురు రోజుకి ఓ ఎనిమిది గంటలకి తగ్గితే గుడ్ల హార్మోన్ కొంత నెమ్మదిస్తుంది, ట్యూషన్ గదిలో ట్యూబులైటు కింద రాత్రి తొమ్మిదింటిదాకా కూచోబెట్టడం ఆపండి, అది దానికి గుడ్డు పెట్టమని చెప్పినట్టే.

చివరి ప్రశ్న, మిగతా రెండు పెట్టల గుడ్లు. సీతాలు మందులు దాని నోట్లోనే వేస్తుంటే వాటి గుడ్లు తినడానికి భయం లేదు. నీళ్ల తొట్టిలో కలిపి మూడూ తాగుతుంటే మాత్రం తినకండి, మందు ఆపాక ఎన్నాళ్లకి తినొచ్చో ఆ మందు పేరు చెప్పి డాక్టర్ గారినే అడగండి, ఒక్కో మందుకి ఒక్కో లెక్క. సీతాలు ఒకవేళ మధ్యలో ఒక గుడ్డు పెట్టినా అది పారేయండి, మిగతా వాటికి కూడా వెయ్యొద్దు.